సొంత డబ్బుతో వ్యాపారమా, పెట్టుబడిదారుల డబ్బుతోనా? మారథాన్ చెప్పే లెక్క

మారథాన్ 42.195 కిలోమీటర్లు. మొదట్లో ఉత్సాహంగా దూసుకుపోయినవారిలో చాలామందికి 30 దాటాక కాళ్లు మొరాయిస్తాయి. కండరాల్లో శక్తినిచ్చే గ్లైకోజెన్ నిల్వ అడుగంటడమే కారణం. వ్యాపారంలో ఆ నిల్వ చేతిలోని నగదు.

ఖర్చు: సొంత డబ్బైతే వాటా అంతా మీదే, అడుగు మాత్రం చిన్నది. బయటి డబ్బైతే అడుగు పెద్దది, వాటా తగ్గుతుంది.

శ్రమ: 2019లో వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్‌చోగే ఈ దూరాన్ని 1:59:40లో పూర్తిచేసినప్పుడు 41 మంది పేసర్లు (నిర్ణీత వేగంతో తోడు పరుగెత్తేవారు) వంతులవారీగా చుట్టూ పరుగెత్తి గాలిని అడ్డుకున్నారు. మంచి పెట్టుబడిదారులు అలాంటివారే. అయితే పేసర్ల వేగం ముందే ఖరారై ఉంటుంది, మీకు ఆయాసం వచ్చిందని అది తగ్గదు. సంతకం పెట్టేముందు బాగా ఆలోచించవలసింది దీని గురించేనని నా గట్టి నమ్మకం.

ప్రమాదం: ఒకదానిలో ఇంటి పొదుపు కరగవచ్చు, రెండోదానిలో సంస్థపై పట్టు జారవచ్చు.

మొదటి నెల నుంచే డబ్బు చేతికొచ్చే పచ్చళ్ల తయారీకి, చిన్న సాఫ్ట్‌వేర్ సేవలకు సొంత డబ్బే నయం. 1996లో మొదలైన సాఫ్ట్‌వేర్ సంస్థ జోహో వెంచర్ పెట్టుబడి లేకుండానే ఎదిగింది. ఏళ్ల పరిశోధన తర్వాతే ఆదాయం కనిపించే పనులకు బయటి డబ్బు తప్పదు. 2022 నవంబరులో విక్రమ్-ఎస్ రాకెట్‌ను ప్రయోగించిన హైదరాబాద్ సంస్థ స్కైరూట్ నడిచింది ఆ దారిలోనే.