పూసల టాటింగ్ కమ్మలు: ఏళ్ల వాడకంలో ఏ దారం నిలిచింది, ఏ పూస నిలిచింది

టాటింగ్ అంటే చిన్న షటిల్‌తో దారానికి ముళ్లు వేస్తూ అల్లే లేసు పని. ఆ కమ్మలను చూసేవారి కన్ను ముందుగా పూసల మీద పడుతుంది. కానీ ఆ కమ్మ ఎన్నాళ్లు ఆకారం చెడకుండా ఉంటుందో తేల్చేది మాత్రం దారమే. నల్లగొండలో ఉంటూ చాలా ఏళ్లుగా వీటిని అల్లుతున్నాను. నేను పెట్టుకుంటాను, వదినెలకూ మరదళ్లకూ ఇస్తాను, పెళ్లిళ్ల కోసం అడిగినవారికి చీర రంగు చూసి చేసి పెడతాను. ఇక్కడి ఎండకూ చెమటకూ రోజువారీ వాడకానికీ ఏ దారం ఆగింది, ఏ పూస ఆగింది అన్నదే ఈ సమీక్ష.

టాటింగ్ పని అంతా ఒకే ముడి మీద నడుస్తుంది. మగ్గం నాడెను బాగా చిన్నది చేసినట్టుండే షటిల్‌కు దారం చుట్టుకొని, ఎడమ చేతి వేళ్లకు చుట్టిన దారం మీద రెండు సగం ముళ్లు వేస్తే ఒక డబుల్ స్టిచ్ అవుతుంది. ముడి వేసేది షటిల్ దారంతోనే అయినా, బిగించే క్షణంలో మెలిక చేతి దారానికి మారాలి. షటిల్ దారం ఆ ముళ్ల లోపల నిటారుగా ఉండి, లాగితే జారాలి. అలా జారితేనే ముళ్లన్నీ దగ్గరై రింగ్ మూసుకుంటుంది. క్రోషేలో దారం కొంచెం గరుకుగా ఉన్నా పని సాగిపోతుంది కానీ, ఇక్కడ నూగు లేచిన దారం సగంలోనే పట్టేసి, గట్టిగా లాగితే తెగుతుంది. గట్టి పురి, నునుపు, లాగినా తెగని బలం, ఈ మూడూ లేని దారం ఎంత అందంగా ఉన్నా టాటింగ్‌కు పనికిరాదు.

మెర్సరైజ్ చేసిన నూలు దారంలో ఈ మూడూ ఉన్నాయి. నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే పోచ ఉబ్బి గుండ్రబడి బలం పుంజుకుంటుంది, రంగును బాగా పీల్చుకుంటుంది. జాన్ మెర్సర్ 1850లో దీనికి పేటెంట్ పొందగా, నూలును బిగదీసి పట్టి ఈ పని చేస్తే పట్టులాంటి మెరుపు కూడా వస్తుందని 1890లో హొరేస్ లో (Lowe) అనే ఆయన చూపించాడు. ఈ దారాలు 10, 20, 40, 80 వంటి నంబర్లలో వస్తాయి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. నేను ఎక్కువగా అల్లే గుండ్రటి నమూనా 20వ నంబరు దారంతో సుమారు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు వస్తే, 40తో మూడు, 80తో రెండున్నర వరకు వస్తుంది. పదో నంబరుతో చేసినది చెవికి కాక బల్ల గుడ్డకు అంచులా కనిపిస్తుంది కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

కొత్తగా నేర్చుకునేవారికి ఆరు పోగులు గట్టిగా పేనిన 20వ నంబరు దారాన్నే నేను సూచిస్తాను. లిజ్‌బెత్ ఆ రకానికి చెందినది. ముళ్లు స్పష్టంగా కనబడతాయి, తప్పు పడితే సూదితో విప్పినా దారం చీలదు, పికాట్లు, అంటే ముళ్ల మధ్య వదిలే చిన్న దారపు ఉచ్చులు, గంజి లేకుండానే నిలబడతాయి. చెవి కమ్మకు మాత్రం నా మనసు 40 మీదే ఉంది: ముడి సన్నగా, నగ పనిలా కనిపిస్తుంది, చిన్న పూస సులభంగా దూరుతుంది, బలం కూడా చాలినంత ఉంటుంది. డీఎంసీ స్పెషల్ దాంతెల్ వంటి 80వ నంబరు దారంతో వచ్చే పని అన్నిటికంటే అందమైనదని ఒప్పుకుంటాను కానీ, దానికి కళ్లూ పగటి వెలుతురూ రెండూ బాగుండాలి, ఒకసారి మూసిన రింగును తిరిగి తెరవడం దాదాపు అసాధ్యం. ఎంబ్రాయిడరీకి వాడే 8వ నంబరు పెర్ల్ కాటన్ మెరుపు ఆకర్షించేదే. అది రెండు పోగుల దారం కావడం వల్ల అల్లుతున్నకొద్దీ పురి విప్పుకొని చీలుతుంది. షటిల్‌ను అప్పుడప్పుడు గాలిలో వదిలి తిరగనిస్తే పురి సర్దుకుంటుంది, కానీ ఏ రింగుకు ఆ రింగు ఆగుతూ ఉండాలి.

పట్టు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో అందరూ మొదట అడిగేది అదే. పోచంపల్లి, పుట్టపాక వైపు నేతగాళ్ల ఇళ్లలో మిగిలే రంగుల పట్టు పోగులు తెచ్చుకొని అల్లాను. ఆ రంగుల లోతు నూలుకు రాదు. అయితే మగ్గానికి సరిపోయే తక్కువ పురి టాటింగ్‌కు చాలదు. పోగులు విడిపోయి వేలి చర్మానికి పట్టుకుంటాయి. రెండు మూడు పోగులు కలిపి గట్టిగా పేని, పురి నిలిచేలా ఆవిరి పట్టించాకనే అవి దారికి వచ్చాయి. చెమటా ఎండా పట్టును బలహీనపరుస్తాయి కాబట్టి పట్టు కమ్మ పెళ్లికో పండుగకో పెట్టుకొని తీసి దాచవలసిన వస్తువు. గాజులకు చుట్టడానికి రీళ్లలో అమ్మే ‘సిల్క్ దారం’ మాత్రం పట్టు కాదు. అందులో విస్కోస్ (రేయాన్) రకం నీళ్లు తగిలితే బలం సగం దాకా కోల్పోతుంది, అదే నూలు తడిస్తే ఇంకా బలపడుతుంది. మే నెలలో రోజంతా మెడ మీద చెమట కారే చోట ఈ తేడా చిన్నది కాదు. పైగా ఆ దారం మరీ జారుడు. చివర కొసలు ఎంత దాచినా మెల్లగా బయటికి వస్తాయి.

జరీ దారాన్ని రింగులకు వాడకపోవడమే మంచిది. లోపలి పోగు మీద చుట్టిన లోహపు పొర ముళ్లలో జారేటప్పుడు ఒరుసుకొని లేచిపోతుంది. రింగులను కలుపుతూ వంపుగా సాగే ముళ్ల వరసలైన చైన్లలో, దారపు బంతి నుంచి వచ్చే దారంగా, అంటే జారవలసిన అవసరం లేని వైపు పెడితే చక్కగా నిలుస్తుంది. లోపల నూలు, పైన జరీ ఉన్న ఈ జోడీ గద్వాల చీరకు ఎంతో బాగా నప్పుతుంది. ఆ చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు జరీ కదా. తేలియా రుమాలు నేతలోని ఎరుపు, నలుపు, తెలుపు మూడే తీసుకొని నూలుతో చేసిన జత నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ మంది అడిగి చేయించుకున్నది. ముదురు ఎరుపు, మెరూన్ దారాలను ముందుగా తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడాలి. రంగు దిగితే పక్కన ఉన్న తెల్ల దారం గులాబీ రంగుకు మారుతుంది.

ఇక పూసలు. నంబరు పెరిగితే పూస కూడా చిన్నదవుతుంది: 8వ నంబరు పూస సుమారు 3 మిల్లీమీటర్లు, 11 సుమారు 2, 15 సుమారు ఒకటిన్నర. పూస పెట్టే పద్ధతిని బట్టి దారం ఎంచుకోవాలి. దారానికి ముందుగానే ఎక్కించుకొని ముళ్ల మధ్యకు జరుపుకునే పూసకు ఒక పోగు దూరితే చాలు, కాబట్టి 20వ నంబరు దారానికి 11వ నంబరు పూస సరిపోతుంది. రెండు పికాట్లను కలిపే చోట సన్నటి ఉక్కు క్రోషే సూదితో పికాట్‌ను పూసలోంచి లాగాలంటే దారం రెండు వరుసలుగా దూరాలి. అక్కడ 20కి 8వ నంబరు, 40కీ 80కీ 11వ నంబరు పూసలు కావాలి. ముందే ఎక్కించే పద్ధతిలో రింగులోకి రావలసిన పూసలను రింగు మొదలుపెట్టకముందే చేతి చుట్టూ ఉన్న దారంలోకి తెచ్చుకోవాలి. రింగు మధ్యలో ఉన్నప్పుడు పూసను లోపలికి తేవడం కుదరదు.

మియూకి, తోహో వంటి జపాన్ పూసల సమానత్వం కమ్మకు ఇచ్చే తీరు వేరు. రెండు చెవులకూ ఒకే కొలత రావాలంటే పూసలన్నీ ఒకే మందం ఉండాలి. బరువు భయం అక్కరలేదు: 11వ నంబరు గుండ్రటి పూసలు గ్రాముకు నూటికి పైగా తూగుతాయి, కాబట్టి జతకు అరవై పూసలు పెట్టినా అదనంగా చేరేది అర గ్రాముకు కాస్త ఎక్కువే. ప్రకాశం బజారు గాజుల దుకాణాల్లో దొరికే నల్లపూసలను నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. గాజే నల్లది కనుక రంగు పోయే ప్రశ్న లేదు. ఒకటి సన్నం ఒకటి లావుగా ఉంటాయి, కొన్నిటి రంధ్రం అంచు పదునుగా ఉండి దారాన్ని కోస్తుంది, అందువల్ల పళ్లెంలో పోసి ఏరుకోవాలి. సగం తీసేయాల్సి వచ్చినా ధర దృష్ట్యా నష్టం లేదు.

రంగు నిలిచేది గాజులోనే రంగు కలిసిన పూసలకు. పైన పూసిన రంగు, లోహపు మెరుపు పూత, రంధ్రం లోపల వేసిన గులాబీ, ఊదా రంగులు చెమటకూ సెంటుకూ తేలిపోతాయి. “అక్కా, బంగారు పూసలు తెల్లబడ్డయి” అని ఒక చెల్లెలు జత వెనక్కి తెచ్చాక, ప్రతి కొత్త రకం నుంచి కొన్ని పూసలు తీసి, సగం కిటికీ ఎండలో, సగం స్పిరిట్‌లో ఉంచి చూసిన తరువాతే పనిలోకి తీసుకుంటున్నాను. హైదరాబాద్ ముత్యాలు అందమైనవే కానీ వాటి రంధ్రం చాలా సన్నం. 80వ నంబరు దారం కూడా ఒక్క వరుసే దూరుతుంది కాబట్టి వాటిని అల్లిక అయ్యాక కింద వేలాడదీయడం మేలు.

గట్టిదనం కోసం నీళ్లు కలిపిన తెల్ల జిగురు కంటే పలుచటి బియ్యపు గంజి నాకు నచ్చింది. జిగురు ముళ్ల మధ్య తెల్లగా పేరుకొని పూస మెరుపును చంపుతుంది. గంజి పెట్టినవాటిని పురుగు పట్టకుండా మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. మా బోరు నీళ్లతో ఉతికితే ముదురు దారం మీద తెల్లటి చార మిగులుతుంది, అందుకే తాగే నీళ్లలో తక్కువ సబ్బుతో ముంచి, పిండకుండా తువ్వాలు మధ్య ఒత్తి, పికాట్లను పిన్నులతో సాగదీసి నీడలో ఆరబెడతాను. కొక్కేనికి చవక లోహం వద్దు. నికెల్ పడనివారి చెవి దురదపెట్టి పుండవుతుంది. 316ఎల్ స్టీలు కొక్కెం వాడి, దాన్ని నేరుగా పికాట్‌కు కాక జంప్ రింగు అనే చిన్న లోహపు వలయానికి తగిలిస్తే దారం ఒరుసుకోదు, కమ్మ పాతబడినప్పుడు కొక్కెం ఒక్కటే మార్చుకోవచ్చు.