స్మార్ట్ వెయిట్ మిషన్: బరువు వరకు భేష్, కొవ్వు దగ్గరే పేచీ

పైన గాజు, పాదాలు పెట్టేచోట నాలుగు స్టీలు పట్టీలు, ఫోన్‌లో ఒక యాప్. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే వచ్చింది. బరువు విషయంలో వంక పెట్టడానికి లేదు. నమ్మకం కుదరక మా ఆయన ముందు ఉత్తినే ఎక్కి, తర్వాత విప్పని 26 కిలోల బియ్యం బస్తా ఎత్తుకుని ఎక్కారు. తేడా 26 కిలోల 100 గ్రాములు. ఆ వంద గ్రాములూ సంచీ బరువనుకుంటా.

పేచీ అంతా మిగతా అంకెలతోనే. ఒక పాదంలోంచి ఇంకో పాదానికి సన్నటి కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూసి, మన వయసూ ఎత్తూ కలిపి ఒంట్లో కొవ్వు ఇంత అని లెక్క కడుతుంది. కొలత కాదు, అంచనా. ఆ కరెంటు ఎక్కువగా కాళ్ళలోంచే పోతుంది కాబట్టి పొట్ట లోపల, కాలేయంలో చేరిన కొవ్వు సంగతి దానికి నేరుగా తెలియదు. పొద్దున ఒక శాతం చూపిస్తుంది, సాయంత్రం స్నానం చేసి ఎక్కితే ఇంకో శాతం. 'విసెరల్ ఫ్యాట్', అంటే పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వు, అంకె మాత్రం మహా ధీమాగా చెబుతుంది.

నా కోపం అసలు ఆ ఆకుపచ్చ రంగు మీద. మా ఆయన ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 68. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క, 24 దాటింది. యాప్ ఆకుపచ్చలో 'నార్మల్' అంది, ఎందుకంటే గీత 25 దగ్గర గీశారు. మన దేశంలో డాక్టర్లు 23 నుంచే అధిక బరువు అంటారు, 25కి ఊబకాయం కిందే లెక్క. ఇక్కడ అమ్ముకుంటూ ఆ పాటి మార్చలేరా? సెట్టింగులన్నీ వెతికాను, లేదు.

అదే నెలలో ఆయనకి రక్తపరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 6.0, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఒక రకం కొవ్వు) 210. ఆయనకింకా షుగర్ జబ్బు రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. మా అత్తయ్యకి ఆ జబ్బు ఉంది. డాక్టరుగారు రిపోర్టు చూసి టేపు తీశారు. నేను బట్టలు కుట్టేదాన్ని, ఆయన ప్యాంటు 34 అని నాకు కంఠతా. అయితే అది పొట్ట కింద బెల్టు పెట్టుకునే చోటు. డాక్టరుగారు చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, ఊపిరి వదిలాక చుట్టారు. 38 అంగుళాలు! మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు దాటకూడదట. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు. పొట్టలో కొవ్వు కాలేయానికి చేరితే ఇన్సులిన్ పని సరిగ్గా సాగదని చెప్పారు.

బీఎంఐ ఒకటే అయినా ఒంట్లో కొవ్వు వేరుగా ఉండొచ్చన్నది కొత్త సంగతేం కాదు. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. ఈ యాప్ రాసినవాళ్ళ కంటపడలేదు కాబోలు.

మూడు స్టార్లు ఇస్తున్నా, మూడూ బరువుకే. కొనాలనుకుంటే యాప్ లేని మామూలు మిషన్ చాలు, ఇంకా తక్కువకే వస్తుంది. దాంతోపాటు ఒక కొత్త టేపు తీసుకోండి. పాత గుడ్డ టేపులు సాగిపోయి కొలత తక్కువ చూపిస్తాయి.