అనంతపురం నుంచి కర్నూలు దాకా ఛారిటీ సైకిల్ రైడ్: ఆఖరున చేరిన రైడర్ రివ్యూ

ముందే చెప్తున్నాను, ఈ రైడ్‌కు నిక్షేపంగా వెళ్ళొచ్చు. ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎక్కడ కోశానో కూడా చెప్తాను.

నాకు 47 ఏళ్ళు. జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఐదో తరగతి అయ్యాక, హైస్కూలు నాలుగైదు కిలోమీటర్ల దూరమని ఆడపిల్లల్ని ఇంట్లో ఆపేయడం కళ్ళారా చూశాను. ఈ రైడ్‌లో వచ్చే చందాలతో అలాంటి పిల్లలకే సైకిళ్ళు కొంటామన్నారు, వెంటనే పేరిచ్చాను. అనంతపురం టవర్ క్లాక్ నుంచి కర్నూలు కొండారెడ్డి బురుజు దాకా, 44వ నంబరు హైవే మీద సుమారు 150 కిలోమీటర్లు, ఒకటే రోజులో. నాది గేర్లున్న హైబ్రిడ్ సైకిల్.

జనవరి తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. చలి బాగానే ఉంది. పామిడి దగ్గర పెన్న వంతెన మీదికి వచ్చేసరికి తెల్లారింది, కింద అంతా ఇసకే. ఈ నెలల్లో ఈశాన్యం గాలి, మనం పోయేదేమో ఉత్తరానికి. అంటే రోజంతా ఎదురుగాలే. కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు చేరి గాలి తప్పించుకుంటూ వెళ్ళిపోయారు. ఆ వేగం అందుకోలేక నేను పామిడి దాటేలోపే వెనకబడిపోయాను.

కాసేపల్లి టోల్‌గేట్ దాటిన కాసేపటికి వెనక చక్రం మెత్తబడింది. హైవే అంచున లారీ టైర్ల ముక్కలు పడి ఉంటాయి కదా, వాటిలోని సన్నటి ఇనప తీగలే సైకిళ్ళకు పెద్ద శత్రువులు. సపోర్ట్ వ్యాన్‌కు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చింది. అందులోంచి పాతికేళ్ళ మెకానిక్ అబ్బాయి దిగి, "ఏం కాదులే అక్కా, నువ్వు నీళ్ళు తాగు" అన్నాడు. ట్యూబ్ మార్చి గాలి కొట్టేసి పొమ్మంటాడనుకున్నాను. అతను జేబులోంచి పాత నూలు గుడ్డ తీసి, టైరు లోపల చుట్టూ మెల్లగా రుద్దుతూ పోయాడు. ఒకచోట గుడ్డ పోగు చిక్కుకుంది. అక్కడ టైరును వంచి, కటింగ్ ప్లేయర్‌తో వెంట్రుకంత తీగను బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. "ఇది తియ్యకుండా కొత్త ట్యూబ్ వేస్తే గుత్తి లోపలే మళ్ళీ పంచరక్కా" అన్నాడు. కర్నూలు చేరేదాకా ఆ చక్రంలో మళ్ళీ గాలి తగ్గలేదు. ఇరవై ఏళ్ళుగా పంచర్లు వేయించుకుంటున్నాను, ఆ గుడ్డ పని ఎవరూ చేయగా చూడలేదు.

గుత్తిలో టిఫిన్ ఉగ్గాని, బజ్జి. వేడిగా, చాలినంత పెట్టారు. వెనకొచ్చినవాళ్ళకూ మిరపకాయ బజ్జీలు దాచి ఉంచారు, ఆ శ్రద్ధకు దండం.

ఇక మార్కు పోయిన చోటు. ప్రతి 25 కిలోమీటర్లకూ నీళ్ళు, అరటిపళ్ళు అన్నారు. గుత్తి నుంచి డోన్ దాకా, దాదాపు 40 కిలోమీటర్లు, ఏమీ లేవు. ప్యాపిలి వైపు ఎత్తు ఎక్కేటప్పుడే ఒళ్ళు నీళ్ళు అడుగుతుంది. అక్కడ ఉండాల్సిన వ్యాన్ ముందున్నవాళ్ళతో పాటే వెళ్ళిపోయిందట. ముందున్నవాళ్ళకు ఎలాగూ దమ్ముంది, వెనకున్నవాళ్ళకే కదా వ్యాన్ కావాల్సింది! నా రెండు బాటిళ్ళూ ఖాళీ అయ్యాక రోడ్డు పక్క టీ కొట్టావిడ కుండలోంచి నీళ్ళు పోసి, గుప్పెడు వేయించిన చెనిక్కాయలు కూడా ఇచ్చింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. పిల్లల సైకిళ్ళ కోసమని చెప్పాను, తన కూతురు కూడా చదువుతోందని మురిసిపోయింది.

ఆడవాళ్ళం ఏడుగురం వెళ్ళాం. బాత్రూమ్‌ల సంగతి నిర్వాహకులు ఎవ్వరూ ఆలోచించలేదు. పెట్రోల్ బంకుల్లో అడుక్కుంటూ పోయాం, ఒకచోట తాళం వేసి ఉంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. బాత్రూమ్ దొరకదన్న టెన్షన్‌తో నీళ్ళు తాగడం తగ్గించింది మాలో ఒకమ్మాయి, మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఏ బంకులో ఉందో, ఏ టోల్‌గేట్‌లో ఉందో ముందురోజే ఒక కాగితం మీద రాసిస్తే సరిపోయేది.

తిరుగు ప్రయాణంలో సైకిళ్ళను డీసీఎంలో వేశారు. మధ్యలో అట్టముక్కలు కూడా పెట్టకుండా తాడుతో కట్టేశారు. నా సైకిల్ వెనక డీరైలర్ (గేర్లు మార్చే భాగం) వంగిపోయింది, బాగుచేయించుకోవడానికి నా చేతి డబ్బే పడింది.

మళ్ళీ రైడ్ సంగతికొస్తే, డోన్ దాటాక మొత్తం మీద దారి పల్లమే, కాళ్ళకు కొంచెం ఊపిరి వచ్చింది. నా వెనక రోజంతా ఒక పెద్దాయన తొక్కుతూ వచ్చారు. ఆర్టీసీలో రిటైరయ్యారట. ఆఖరి రైడర్ వెనకే ఉండడం ఆయన డ్యూటీ. తొందరపెట్టలేదు, వ్యాన్ ఎక్కమనలేదు. నేను దిగి నడిపిస్తే ఆయనా దిగి నడిచారు. ఇంకెంత దూరం అని అడిగినప్పుడల్లా సరిగ్గా కిలోమీటర్లే చెప్పారు, దగ్గరే అని ఒక్కసారీ అబద్ధం ఆడలేదు.

సాయంత్రం ఐదున్నరకు బురుజు చేరేసరికి గ్రూప్ ఫోటో అయిపోయింది, బ్యానర్ చుట్టేస్తున్నారు. పెద్దాయన సైకిల్ స్టాండ్ కూడా వేయకుండా గోడకు ఆనించి, నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. "ఈ మేడం వచ్చినారు, విప్పండి నాయనా" అన్నారు. బ్యానర్‌ను ఒక చివర ఆయన, రెండో చివర ఆ మెకానిక్ అబ్బాయి పట్టుకున్నారు.