గైడ్లు సగంలో ఆగిపోయిన యాత్ర

యెరూషలేములో మూడు రోజులు హాయిగానే గడిచాయి. గొడవంతా బేత్లెహేము దారిలో మొదలైంది. 2019 డిసెంబరు, నేను, బాబాయి, పిన్ని.

ఊరి మొగదల మా గైడు బస్సు దిగిపోయాడు. ఇక్కణ్ణుంచి వేరే గైడట, మనిషికి 20 డాలర్లు అదనమట. అంటే 1,400 రూపాయల పైమాటే. "అన్నీ ప్యాకేజీలోనే అన్నారు కదయ్యా!" అని బాబాయి లేచాడు. గైడు ఎర్ర బోర్డు చూపించాడు: ఇజ్రాయెల్ పౌరులకు ప్రవేశం చట్టవిరుద్ధం. బోర్డు నిజమే. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల 1995 ఒప్పందం పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంకును ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసింది, బేత్లెహేము పాలస్తీనా పాలన కిందుండే 'ఏ'లో పడింది. కానీ డబ్బు కట్టించుకున్ననాడు ట్రావెల్స్‌వాడికి ఈ సంగతి తెలీదా? మీరు మాత్రం గైడు ఖర్చు ముందే కాగితం మీద రాయించుకోండి.

బేత్లెహేములో ఒకరింట్లో గది 240 షెకెళ్లు (ఇజ్రాయెల్ డబ్బు), అప్పట్లో దాదాపు 4,900 రూపాయలు. స్నానాల గదిలో నీళ్లు దారంలా వస్తుంటే పిన్ని చిర్రుబుర్రులాడింది. ఇంటావిడ మేడ మీదికి తీసుకెళ్లి నల్ల ట్యాంకులు చూపించింది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, ఇవే దిక్కు. 1967లో ఇజ్రాయెల్ సైన్యం వచ్చాక నీళ్ల మీద అధికారమంతా మిలిటరీ కమాండరు చేతికి పోయిందట. బావి తవ్వాలన్నా పర్మిట్ కావాలి. ఆ పూట పిన్ని అరబకెట్‌తో సరిపెట్టుకుంది. రాత్రి ఇంటావిడే మక్లూబా వండి, గిన్నెను పళ్లెంలో బోర్లించింది. కోడి, వేయించిన వంకాయ, అడుగున అన్నం. డబ్బు తీసుకోలేదు. పిన్ని ఆవకాయ సీసా అక్కడే వదిలేసి వచ్చింది.

మర్నాడు అబ్రాహాము సమాధి కోసం హెబ్రోను. ఆ ఊరి కుర్రాడే గైడు, 150 షెకెళ్లు. షుహదా వీధి చెక్‌పోస్టు దగ్గర ఇతనూ ఆగిపోయాడు! 1994లో ఒక యూదు సెటిలర్ (వెస్ట్ బ్యాంకులో కాపురం పెట్టిన ఇజ్రాయెలీ) ఆ సమాధి దగ్గరి ఇబ్రహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆ వీధి మూసింది మాత్రం పాలస్తీనీయులకు. అక్కడి సెటిలర్ తప్పు చేస్తే ఇజ్రాయెల్ సివిల్ కోర్టు, ఈ కుర్రాడు చేస్తే మిలిటరీ కోర్టు. గుంటూరు నుంచి వచ్చిన మాకు పాస్‌పోర్టు చూపిస్తే చాలు.

పది నిమిషాలు మూసిన కొట్ల మధ్య నడిచి తిరిగొచ్చాం. "మలుపు నుంచి మూడోది మా తాత కొట్టు. తాళం ఉందా?" అని కుర్రాడు అడిగాడు. మేమెవరమూ చూడలేదు. బాబాయి మళ్లీ పాస్‌పోర్టు తీసి లోపలికి వెళ్లాడు.

"ఉంది బాబూ. తుప్పు పట్టింది."