ఒక్క పనే పట్టుకోవాలా, అన్నీ ఒకేసారి చేయాలా?

చెరువును కాపాడుకుందామని జనం కూడగానే జాబితా పెరిగిపోతుంది. గుర్రపుడెక్క తీయాలి, గట్టున చెట్లు నాటాలి, పక్షుల్ని లెక్కపెట్టాలి. అన్నీ మంచి పనులే, చిక్కంతా అక్కడే.

ఖర్చు: ఒక్క పనైతే డబ్బు ఒకచోట పడుతుంది. నాలుగైతే దేనికీ చాలదు.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. గుర్రపుడెక్క ఒకసారి తీస్తే పోదు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది, విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. వచ్చే ఏడూ అవే చేతులు కావాలి. అవి మొక్కలకు నీళ్లు మోస్తుంటే చెరువు మళ్లీ మూసుకుపోతుంది.

రిస్క్: ఆ ఒక్కటీ తప్పుగా ఎంచుకుంటే అంతా దండగ. మురుగు కలుస్తున్నంతకాలం డెక్క ఎంత తీసినా పెరుగుతూనే ఉంటుంది. పలు పనులైతే ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది.

జనం: రకరకాల పనులుంటే ఎక్కువమంది వస్తారు. ఎన్నాళ్లుంటారన్నది వేరే సంగతి.

చేతిలో కొద్దిమంది వాలంటీర్లు, ఏడాది నిధులే ఉంటే ఒక్కటే పట్టుకోండి. పూర్తికాలం పనిచేసే మనిషి, మూడేళ్ల నిధులు ఉంటే రెండు మూడు పెట్టుకోవచ్చు. అసలు ముప్పేదో తేలకపోతే ముందు నీటి పరీక్ష చేయించండి.