టేపు వేసిన డయల్: ఓర్వకల్లు ఎండలో నాలుగేళ్ళు

ఈ కెమెరా మెగాపిక్సెళ్ళు ఎన్ని, బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నవి రాయను. ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నాలుగేళ్ళ కింద కర్నూలులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) ఇది. కొన్నది ఒకే ఒక్క ముక్క కోసం: కుడి బొటనవేలి దగ్గర, మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా అంకెలు చెక్కిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్. మెనూలు వెతకనక్కర్లేదు. వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే చిన్న తెరలో, పెట్టిన కన్ను తీయకుండానే వేలు కదిపితే బొమ్మ వెలుగుతుంది, వెనక్కి తిప్పితే మసకబారుతుంది.

నాకు విమానాల పిచ్చి. 2021 మార్చి దాకా మా కర్నూలు వాళ్ళకు విమానమంటే ఆకాశంలో తెల్లటి గీత. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక బెంగళూరు, చెన్నై, విశాఖపట్నం ఏటీఆర్‌లు (ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానాలు) మన నెత్తిమీదికి దిగడం మొదలైంది. ప్రహరీ బయట ఎండలో నిలబడి వాటికోసం ఎదురుచూడటమే నా ఆదివారం. మా ఇంట్లో దీన్ని ఇంకో పేరుతో పిలుస్తారు, అది ఇక్కడొద్దు.

ఇండిగో ఏటీఆర్ పైసగం తెలుపు, కడుపు ముదురు నీలం. మన ఎండలో పైభాగం కొత్తగా సున్నం కొట్టిన గోడలా కళ్ళు జిగేల్మనిపిస్తుంది, కడుపేమో బొగ్గు. దీన్ని కెమెరాకే వదిలేస్తే ఏమవుతుందంటే, వెలుగును కొలిచే దాని మీటరు చూసిన ప్రతిదాన్నీ నడిమి రకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా మెరిసే ఆకాశం ఉంటే ‘అబ్బో వెలుగెక్కువైంది’ అని తగ్గించేస్తుంది. మధ్యలో ఉన్న విమానం కాకి అయిపోతుంది. అదే విమానం కిందికి దిగి నల్లటి రాళ్ళ గుట్ట ముందునుంచి పోతే మీటరు ఉల్టా తిరుగుతుంది: చీకటి ఎక్కువైందని వెలుగు పెంచి, తెల్లటి పైభాగాన్ని కాల్చేస్తుంది. సెన్సర్ పట్టిందంతా దాచిపెట్టే రా ఫైల్లో తీసినా అట్లా పూర్తిగా కాలిపోయినచోట తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే డయల్. వెనక ఆకాశముంటే ప్లస్ ఒకటి, గుట్ట వస్తే మైనస్ ముప్పాతిక. ఆరు నెలలు తిరక్కుండానే మావాళ్ళందరికీ చెప్పేశాను, ఈ డయల్ లేని కెమెరా కొనొద్దని. ఇద్దరు నా మాట పట్టుకుని కొన్నారు కూడా.

ఇక ఆ రోజు సంగతి. సంక్రాంతి అయిన వారం, అమ్మ విశాఖలో మా అక్క దగ్గరికి బయల్దేరింది. విమానం ఎక్కడం ఆమెకు అదే మొదలు. టెర్మినల్ దగ్గర దింపి, బండి తీసుకుని బయటికి వచ్చి, రన్‌వే కొస దాటాక కాస్త దక్షిణంగా నిలబడ్డాను. ఇక్కడి రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. చలికాలం సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి వెలుగు నా వీపు వెనకనుంచి నేరుగా విమానం మీద పడుతుంది. అంతా లెక్క ప్రకారమే ఉంది, ఒక్కటి తప్ప. టర్మినల్ నుంచి వచ్చేటప్పుడు కెమెరా బ్యాగులో ఒరుసుకుని డయల్ ప్లస్ 3కి, అంటే ఎనిమిది రెట్ల వెలుగుకు, తిరిగిపోయింది. దానికి లాకు లేదు. కొన్నప్పుడు గట్టిగానే ఉండేది, వాడగా వాడగా వదులైంది.

వ్యూఫైండర్‌లో తెలియలేదా అంటారు. తెలిసింది, తప్పుగా. ఎండకు అలవాటుపడ్డ కంటికి వ్యూఫైండర్ ఎప్పుడూ చీకటిగదిలాగే ఉంటుంది. ఆ రోజు బాగా వెలుగుగా కనిపిస్తే ‘పరవాలేదే, ఈ రోజు బాగుందే’ అని మురిసిపోయాను. వెనక స్క్రీన్ ఆ ఎండలో ఎటూ కనపడదు. పైగా చూస్తున్నది ఎక్స్‌పోజర్‌ని కాదు, ఏ కిటికీలో అమ్మ ఉందా అని.

నలభై ఫ్రేములు. ఇంటికొచ్చి చూస్తే తెల్ల కాగితం మీద తెల్ల విమానం. లెన్సు కన్ను ఎఫ్ 8 దగ్గర ఉంటే సెకనులో 400వ వంతే (1/400) తెరుచుకోవాల్సిన షట్టర్ 1/50కి పడిపోయింది కాబట్టి ఆ తెలుపు కూడా అలుక్కుపోయింది. అక్కడ దిగీ దిగగానే అమ్మ ఫోను: ‘ఏమిరా, నా ఇమానం తీస్తివా?’ తీసినా అన్నాను. అబద్ధం కాదు కదా.

చివరాఖరి ఫ్రేము దగ్గర ఆగిపోయాను. విమానం దాదాపు నా నెత్తిమీదుగా పోతున్నప్పుడు తీసింది. ఆకాశం పూర్తిగా తెల్లగా కాలిపోయింది. కానీ నేను మూడేళ్ళుగా బొగ్గులాగే తీస్తున్న ఆ కడుపు మొదటిసారి నీలంగా, దానిమీది తెల్ల చుక్కలతో సహా కనిపించింది. మెరిసే ఆకాశం ముందు నీడలో ఉన్న కడుపుకు ప్లస్ ఒకటి ఏ మూలకూ చాలదని, నాకు చేతగాక కాదు, భయపడి అక్కడే ఆగిపోతున్నానని అర్థమైంది. ఇంకో విచిత్రం ప్రొపెల్లర్. టేకాఫ్‌లో ఏటీఆర్ ప్రొపెల్లర్ నిమిషానికి 1200 చుట్లు, అంటే సెకనుకు 20. రెక్కలు ఆరు. షట్టర్ 1/1000లో ఉంటే అది 7 డిగ్రీలే తిరుగుతుంది, ఫ్యాను ఆగిపోయిన విమానం గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఈ ఫ్రేములో షట్టర్ 1/100 పడింది. 72 డిగ్రీలు. రెక్కకూ రెక్కకూ మధ్య 60 కాబట్టి పళ్ళెంలా నిండుగా వచ్చింది. ఆ వేగంలో చెయ్యి కదలకుండా రావడం మాత్రం నా గొప్ప కాదు. అమ్మ వాట్సాప్ డీపీ ఇప్పటికీ అదే.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. మబ్బు లేని మన ఎండ గంటల తరబడి పెద్దగా మారదు. విమానం వెనక ఆకాశమున్నా, గుట్ట ఉన్నా దానిమీద పడే ఎండ అదే. మరి మీటరును అడగడం దేనికి? పాతకాలం సూత్రం ఉంది కదా, మంచి ఎండలో ఎఫ్ 16, షట్టర్ ఐఎస్ఓకి (సెన్సర్ వెలుగుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) తలకిందులు, అంటే ఐఎస్ఓ 100కి 1/100. దాన్నే జరిపి ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 1/400 మాన్యువల్‌లో, కెమెరా తనంతట తాను మార్చకుండా, పెట్టేస్తాను. ముందుగా ఏదైనా తెల్ల గోడను తీసి, తువ్వాలు తలమీద కప్పుకుని హిస్టోగ్రామ్ (బొమ్మలో చీకటి, వెలుగు ఎంతెంతో చూపే గ్రాఫు) చూసి, తెలుపు కాలిపోయే కుడి అంచు తగలకుండా సరిచేస్తాను. తువ్వాలు కప్పుకున్న నన్ను చూసి గొర్రెలు కాసే పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టు రావాలంటే 1/160, ఎఫ్ 13. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు కన్ను, అంటే అపెర్చర్, చిన్నదవుతుంది; అంత చిన్న అపెర్చర్‌లో సెన్సర్ మీది దుమ్మంతా ఆకాశంలో చుక్కలై తేలుతుంది, మన గాలిదుమారాల పుణ్యం. మిట్టమధ్యాహ్నం ఏ సెట్టింగూ పనిచేయదు. రన్‌వే మీది ఎండమావుల్లో విమానం జెల్లీలా వణుకుతుంది, ఇంటికి పోయి పడుకోవడం మేలు.

ఇంతకీ మాన్యువల్‌లో ఐఎస్ఓ కూడా కట్టేస్తే ఈ డయల్ తిప్పినా ఏమీ జరగదు. ఏ ముక్క కోసం కొన్నానో అది విమానాల దగ్గర ఇప్పుడు ఉత్త అలంకారం. జులై, ఆగస్టుల్లో మబ్బులు పోతూ వస్తూ ఉన్నప్పుడు మాత్రం మళ్ళీ దాని దగ్గరికే పోతాను. అప్పుడు వెలుగు నిమిషానికొకలా ఉంటుంది, మాన్యువల్‌తో వేగలేను. మిగతా రోజుల్లో సున్నా దగ్గర పెట్టి కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు చుట్టేస్తున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి జిగురు కరిగి వేలికి అంటుకుంటుంది.

కాబట్టి కొనొచ్చా అంటే, నా ధరకు దొరికితే, మీ బ్యాగు నా బ్యాగంత ఇరుకు కాకపోతే, కొనొచ్చేమో. నా మాట విని కొన్న ఇద్దరిలో ఒకాయన పెళ్ళిళ్ళు తీస్తాడు. ఈ డయల్ లేకపోతే ఆయనకు మండపంలో చెయ్యి ఆడదు. రెండో ఆయన నాలాగే ప్రహరీ బయట నిలబడే రకం. టేపు చుట్టలో సగం ఆయనకిచ్చాను.