10 అడుగుల 3-వెయిట్ నింఫ్ రాడ్: వసంతం మొదట్లో స్ప్రింగ్ క్రీక్ ట్రౌట్ కోసం

మార్చిలో పెన్సిల్వేనియా నీళ్లకి ఒక్క రాడ్డే తీసుకెళ్లాలంటే నేను 10 అడుగుల 3-వెయిట్ నింఫ్ రాడ్‌నే పట్టుకెళ్తాను. నింఫ్ అంటే నీటి అడుగున ఉండే పురుగు పిల్లలా కట్టిన ఎర. వెయిట్ అంటే రాడ్‌కి సరిపోయే లైన్ బరువు అంకె, అది తగ్గే కొద్దీ లైన్ తేలిక. చాలా సీజన్లుగా దీన్ని ఎక్కువగా స్ప్రింగ్ క్రీక్ మీద, వీలైనప్పుడు లిటిల్ జూనియాటా, పెన్స్ క్రీక్‌ల మీద వాడుతున్నాను. ఏప్రిల్ సగం దాటాక మాత్రం ఇదొక్కటే చాలదు, అది కూడా చెప్తాను. ఈ కొలత రాడ్లలో మంచీ చెడూ ఏ కంపెనీదైనా చాలావరకు ఒకటే కాబట్టి కంపెనీ పేర్ల జోలికి పోవడం లేదు.

ముందు ఆ నీళ్ల సంగతి తెలియాలి. స్ప్రింగ్ క్రీక్ స్టేట్ కాలేజ్ అనే ఊరి పక్క నుంచి బెల్‌ఫాంట్ మీదుగా పారి మైల్స్‌బర్గ్ దగ్గర బాల్డ్ ఈగిల్ క్రీక్‌లో కలుస్తుంది. సున్నపురాతి ఊటల నీళ్లు. ఊట దగ్గర ఏడాది పొడుగునా 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. చుట్టుపక్కల కొండవాగులు మంచు కరిగిన నీళ్లతో 30ల్లో ఉన్న రోజుల్లో కూడా ఇక్కడ 40లు పలుకుతాయి, చేప మేత మానదు. ఉండేది అక్కడే పుట్టి పెరిగే బ్రౌన్ ట్రౌట్. 1970లలో కీపోన్, మైరెక్స్ అనే రసాయనాల కాలుష్యం బయటపడింది. 1982 నుంచి ఇక్కడ పట్టిన ప్రతి చేపనీ తిరిగి వదలాల్సిందే. ఆ నియమం వల్లే వాగులోనే పుట్టిన చేపలు ఇన్ని మిగిలాయని నా గట్టి నమ్మకం. ఫిషర్‌మన్స్ ప్యారడైజ్ అనే భాగంలో నీళ్లలోకి దిగకూడదు, ఒడ్డు మీద నుంచే వెయ్యాలి. 16 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సుతో పాటు ట్రౌట్ పర్మిట్ విడిగా కావాలి. చదువుకోవడానికి స్టేట్ కాలేజ్ వచ్చే మనవాళ్లు ఈ రెండోదాన్ని మర్చిపోతుంటారు.

ఇక రాడ్. చల్లటి నీళ్లలో ట్రౌట్ అడుగుకి అంటుకుని, ప్రవాహం నెమ్మదించే చోట ఉంటుంది. మేత కోసం అడుగో రెండడుగులో పక్కకి జరుగుతుంది తప్ప పైకి లేవదు. ఎర, అంటే హుక్‌కి పురుగులా కట్టిన ఫ్లై, దాని ముక్కు ముందుకే రావాలి, అదీ అడుగు నీళ్ల వేగంతోనే రావాలి. చిక్కంతా అక్కడే ఉంది. పై నీళ్లు ఎప్పుడూ అడుగు నీళ్ల కన్నా వేగంగా పోతాయి. మామూలు 9 అడుగుల 5-వెయిట్‌తో వేస్తే లావుపాటి లైన్ నీటి మీద పడి, పై ప్రవాహంతో కలిసి ఫ్లైని లాక్కుపోతుంది. ఫ్లై పైకి తేలిపోతుంది. చేప దాన్ని చూసినా కదలదు. 10 అడుగుల రాడ్‌తో లైన్ మొత్తాన్నీ గాలిలోనే ఉంచొచ్చు. నీళ్లలోకి వెళ్లేది టిప్పెట్ అనే, ఫ్లైకి కట్టే వెంట్రుకంత దారం మాత్రమే, దాన్ని ప్రవాహం పెద్దగా లాగలేదు. ఈ రాడ్‌కి పెట్టే డబ్బుకి అసలు ఫలితం ఇదే. మెత్తటి కొన వల్ల 6ఎక్స్ అనే సన్నటి టిప్పెట్ తెగకుండా పెద్ద చేపని ఆపగలగడం దాని తర్వాతి లాభం.

రాడ్ ఎంత మంచిదైనా లీడర్, అంటే లైన్ నుంచి ఫ్లై దాకా కట్టే సన్నటి దారం, తప్పుగా కడితే ఫలితం సున్నా. నేను కట్టుకునేది ఇది: 20 పౌండ్ల బరువు ఆపే మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) 12 అడుగులు, దానికి 12 పౌండ్లది 3 అడుగులు, తర్వాత చేప అందుకోవడం కంటికి తెలియడానికి సైటర్ అనే రెండు రంగుల దారం 2 అడుగులు, దాని చివర 2 మిల్లీమీటర్ల టిప్పెట్ రింగ్, ఆ రింగ్ నుంచి 6ఎక్స్ ఫ్లోరోకార్బన్ 4 నుంచి 5 అడుగులు. మోనో ముక్కల్ని బ్లడ్ నాట్‌తో కలుపుతాను. రెండో ఫ్లై కోసం కింది ఫ్లైకి 20 అంగుళాల పైన ట్రిపుల్ సర్జన్స్ నాట్ వేసి, కిందికి వేలాడే కొసని 5 అంగుళాలు వదులుతాను. అంతకన్నా పొడుగు వదిలితే అది లీడర్‌కే చుట్టుకుంటుంది. ముడి బిగించే ముందు తడపడం మానొద్దు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ దెబ్బతిని, సరిగ్గా మంచి చేప పడ్డప్పుడే ముడి దగ్గర తెగుతుంది.

టిప్పెట్ మందం తెలుసుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది. 11లోంచి ఎక్స్ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 6ఎక్స్ అంటే 0.005 అంగుళం, 5ఎక్స్ అంటే 0.006. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అదే బరువున్న ఫ్లై 5ఎక్స్ మీద కన్నా 6ఎక్స్ మీద త్వరగా అడుగుకి దిగుతుంది. అందుకే ఫ్లై దిగడం లేదనిపిస్తే బరువు పెంచే ముందు ఏ టిప్పెట్ మీద ఉన్నానో చూసుకుంటాను.

బరువు సంగతి మీద ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మార్చిలో చేప పడటం పడకపోవడం చాలాసార్లు దీని మీదే ఆధారపడుతుంది. మోకాలి లోతు నీళ్లకి 16 నంబరు హుక్ (నంబరు పెరిగే కొద్దీ హుక్ చిన్నది) మీద 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ పూస సరిపోతుంది. తొడ లోతుకో, వాన తర్వాత పెరిగిన నీళ్లకో 14 నంబరు మీద 2.8. నీళ్లు బాగా పెరిగినప్పుడు 12 నంబరు మీద 3.3. బరువైనది కింద, తేలికది పైన. సరిపోయిందా లేదా అన్నది నీళ్లే చెప్తాయి. మూడు నాలుగుసార్లు వేస్తే ఒకసారి పూస అడుగు రాయిని తాకాలి. అసలు తాకకపోతే ఒక సైజు పెంచాలి. వేసిన ప్రతిసారీ చిక్కుకుంటుంటే తగ్గించాలి. చోటు మారినా ఫ్లై మార్చడానికి బద్ధకించడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. ఒకే బరువుతో లోతు గుంటలోనూ, నీళ్లు వడిగా పారే చోటా వేస్తే రెంటిలో ఒకచోట ఊరికే నీళ్లు కొట్టినట్టే.

ఫ్లై రకాలకి అంత పట్టింపు అక్కర్లేదు. ఈ వాగులో క్రెస్ బగ్గులు, స్కడ్లు దండిగా ఉంటాయి. రెండూ రొయ్య వంశపు చిన్న జీవాలే. బూడిద రంగు 16 నంబరు క్రెస్ బగ్, పెన్సిల్వేనియాకే చెందిన వాల్ట్ యంగ్ కట్టిన వాల్ట్స్ వర్మ్, 16, 18 నంబర్లలో ఫెజంట్ టెయిల్, 20 నంబరు జీబ్రా మిడ్జ్ ఉంటే మార్చి గడిచిపోతుంది. అన్నిటికీ హుక్ కొన దగ్గరి వెనకముల్లుని (బార్బ్) ప్లయర్‌తో నొక్కేయండి.

వేసే పద్ధతి వేరు. ఈ లీడర్‌కి బరువు లేదు, బరువంతా పూసదే. 5-వెయిట్ లాగా ముందుకీ వెనక్కీ ఊపితే రెండు ఫ్లైలూ చుట్టుకుపోతాయి. వెనక్కి ఒక్కసారి తీసి, పూస బరువు కొనకి తెలిసే వరకు ఆగి, ముందుకి వేసి, రాడ్‌ని కాస్త ఎత్తులోనే టక్కున ఆపాలి. అప్పుడు ఫ్లైలు ముందు నీళ్లలో పడి, సైటర్ నీటికి పైన వాలుగా నిలుస్తుంది. తర్వాత రాడ్ కొనని ఫ్లైల కన్నా కొంచెం ముందుంచుతూ దిగువకి నడిపించాలి. చూడాల్సింది సైటర్‌నీ, పక్కనే పోయే నురగ బుడగల్నీ. సైటర్ బుడగల కన్నా నెమ్మదిగా కదులుతుంటే ఫ్లై అడుగు వేగంలో ఉన్నట్టు. బుడగలతో సమానంగా పోతుంటే ఫ్లై ఇంకా దిగలేదు, లేదంటే మీరే లాగేస్తున్నారు.

ఊళ్లో చెరువు గట్టున గాలం వేసి పెరిగినవాళ్లకి బెండు మునిగేదాకా ఆగడం అలవాటు. సైటర్ దగ్గర అలా ఆగితే చేప ఫ్లైని నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది కూడా. చల్లటి నీళ్లలో అందుకోవడం చాలా మెత్తగా ఉంటుంది. సైటర్ రెండంగుళాలు ఆగుతుంది, లేదా వాలు కొంచెం మారుతుంది, అంతే. అనుమానం వచ్చిన క్షణంలోనే రాడ్‌ని దిగువ వైపు పక్కకి ఒక జానెడు కదిలించాలి. పైకి ఎత్తి కొడితే చేప లేనప్పుడు ఫ్లైలు వెనక కొమ్మల్లోకి పోతాయి. దిగువకి కదిలిస్తే అవి నీళ్లలోనే ఉంటాయి.

వేళ విషయానికొస్తే, మార్చిలో తెల్లవారుజామున లేచి వెళ్లాల్సిన పని లేదు. పదకొండు నుంచి నాలుగు వరకే అసలు సమయం. ఎండకి నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, పురుగులూ చేపలూ కదులుతాయి. థర్మామీటర్ జేబులో పెట్టుకోండి. మబ్బు పట్టి, చిరుజల్లు పడే మధ్యాహ్నాల్లో బ్లూ-వింగ్డ్ ఆలివ్ అనే పురుగులు లేస్తాయి, 18, 20 నంబర్లంత చిన్నవి. అప్పుడు చేపలు పైకి చూడటం మొదలుపెడతాయి, ఈ రాడ్ లోటు కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆ లోటు చెప్పి తీరాలి. నీటి మీద తేలే డ్రై ఫ్లైకి సరైన లైన్, కొసకి సన్నబడే టేపర్డ్ లీడర్ కావాలి. ఇంత పొడుగు మోనో మీద 20 నంబరు డ్రై ఫ్లైని ఇరవై అడుగులు దాటించడం కష్టం. దాటినా ఎక్కడ పడుతుందో నమ్మకం ఉండదు. స్పేర్ స్పూల్ మీద 3-వెయిట్ ఫ్లోటింగ్ లైన్ ఉంచుకుంటే కొంత గడుస్తుంది కానీ ఈ రాడ్ల కొన మెత్తనిది కాబట్టి గాలికి ఎదురు వెయ్యలేరు. మార్చిలో గాలి మామూలే. ఈదురుగాలి వీస్తే సన్నటి లీడర్ తెరచాపలా వంగి, ఫ్లైలను తానే లాగుతుంది. అలాంటప్పుడు రాడ్ కొనని నీటికి దగ్గరగా దించి, బరువు ఒక సైజు పెంచి, దగ్గర దూరంలోనే వెయ్యాలి. ఏప్రిల్ రెండో సగంలో లిటిల్ జూనియాటా, పెన్స్ క్రీక్‌ల మీద గ్రానమ్ క్యాడిస్, హెండ్రిక్సన్ అనే పురుగులు లేచే రోజులకి నేను 9 అడుగుల 5-వెయిట్‌నే తీస్తాను. వెడల్పాటి నీళ్లలో నలభై అడుగుల అవతల లేచే చేపకి 10 అడుగుల 3-వెయిట్ పనికిరాదు.

రీల్ గురించి ఒక హెచ్చరిక. మామూలు రీల్‌లో స్పూల్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందులోంచి సన్నటి మోనో జారి, ఇరుసుకి చుట్టుకుపోతుంది. చేప మీద ఉన్నప్పుడు జరిగితే ఇక చేసేదేమీ ఉండదు. స్పూల్ చుట్టూ ఫ్రేమ్ ఉండి ఆ సందు మూసేసే ఫుల్ కేజ్ రీల్ కొనండి, అదీ కాస్త బరువైనదే. తేలికపాటి రీల్ పెడితే పొడుగు రాడ్ ముందుకి వాలి, రోజంతా చెయ్యెత్తి పట్టుకున్నందుకు మణికట్టు, భుజం పట్టేస్తాయి. రీల్ బిగించాక కార్క్ పిడి ముందు భాగాన్ని ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. అక్కడ నిలిస్తే సరిపోయినట్టు.

ఎక్కువ కాలం వాడితే పాడయ్యేవి మూడు. ఒకటి, నాలుగు ముక్కల రాడ్ అతుకులు. బరువు పూసల్ని గుండ్రంగా తిప్పి వేస్తుంటే అతుకు కొద్దికొద్దిగా తిరిగి వదులవుతుంది. వదులుగా ఉండగా చేప పడితే ఆడ అతుకు అంచు చీలుతుంది. గంటకోసారి చేత్తో బిగించి, సీజన్ మొదట్లో మగ కొసకి కొద్దిగా పారఫిన్ మైనం రాస్తే చాలు. రెండు, టంగ్‌స్టన్ పూస వచ్చి కార్బన్‌కి కొట్టిన గంటు. అప్పుడేమీ కనిపించదు, వారాల తర్వాత మామూలు చేప మీదే అక్కడ పుటుక్కుమంటుంది. అందుకే వేసేటప్పుడు రాడ్‌ని కొంచెం పక్కకి వాల్చాలి. మూడు, ఫ్లై రాయికి చిక్కినప్పుడు రాడ్ వంచి లాగడం. రాడ్‌ని తిన్నగా రాయి వైపు పెట్టి, లైన్‌ని చేత్తో పట్టుకుని వెనక్కి నడవాలి. తెగితే టిప్పెట్ తెగుతుంది, రాడ్ మిగులుతుంది. సైటర్‌ని కూడా ప్రతి సీజన్ మార్చండి, ఎండకి రంగు పోవడమే కాదు, పెళుసవుతుంది.

గడ్డకట్టే చలిలో గైడ్లలో, అంటే లైన్ పోయే రింగుల్లో, మంచు పేరుకుంటుంది. దాన్ని గోరుతో విరిచినా, లైన్ గుంజి వదిలించినా కొనలో ఉన్న సన్నటి గైడ్ వంగుతుంది. రాడ్ కొనని నీళ్లలో ఒక నిమిషం ముంచితే అదే కరిగిపోతుంది, నీళ్లు గాలి కన్నా వెచ్చనే కదా.

నీళ్లలో దిగేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. బ్రౌన్ ట్రౌట్ శరత్కాలంలో గులకల్లో పెట్టిన గుడ్లు చలికాలమంతా అక్కడే ఉంటాయి. పిల్లలు వసంతం మొదట్లో బయటికి వస్తాయి. చుట్టూ నాచు పట్టిన అడుగులో ఎక్కడైనా కడిగినట్టు తెల్లగా గులకల మచ్చ కనిపిస్తే దాని మీద కాలు పెట్టొద్దు, చుట్టి వెళ్లండి. బూట్లకి రబ్బరు అడుగు, మేకులు ఉన్నవి మంచివి. ఫెల్ట్ అడుగుకి మంచు ఉండలు కట్టి అతుక్కుంటుంది, ఆరడానికి రోజులు పడుతుంది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. రెండు జతల సాక్సులు ఇరికిస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. స్ప్రింగ్ క్రీక్‌లో 2013లో న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ బయటపడింది. మిరియపు గింజ కన్నా చిన్న నత్త అది, బూట్ల సందుల్లో కూర్చుని ఇంకో నదికి చేరుతుంది. బ్లీచ్‌ని నమ్ముకోవద్దు. బురద కడిగి, బూట్లని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, లేదంటే 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడినీళ్లలో పది నిమిషాలు ముంచండి.

కొనాలంటే 200 డాలర్ల లోపు రాడ్ల నుంచి 1000 దాటినవాటి దాకా ఉన్నాయి. ధర పెరిగే కొద్దీ బరువు తగ్గుతుంది, పూస అడుగుని తాకడం చేతికి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అయితే చేపలు పట్టడానికి మధ్యరకం చాలు, మిగతా డబ్బు మంచి ఫ్లోరోకార్బన్‌కీ టంగ్‌స్టన్ పూసలకీ పెట్టండి. వాడిన రాడ్ కొంటుంటే నాలుగు ముక్కల్నీ వెలుతురులో మెల్లగా తిప్పుతూ గోరుతో తడమండి, గంటు ఉంటే గోరుకి తగులుతుంది. గైడ్ల లోపల చిన్న దూది ఉండని తిప్పండి, పోగు పీకితే అక్కడ పగులుంది. స్పిగాట్ రకం అతుకులైతే (ఒక ముక్కలోంచి పొడుచుకొచ్చిన పుల్ల మీద రెండోది కూర్చునేవి) కలిపినప్పుడు మగ, ఆడ ముక్కల మధ్య కొద్దిగా సందు మిగలాలి. సందు లేకుండా పూర్తిగా కూర్చుందంటే అతుకు అరిగిపోయింది, ఆ రాడ్ వదిలేయండి.